కిరాయిదారు నక్షత్రం

నాంపల్లి స్టేషను వెనక ఆ సందులో శశికళ నోటికి జడవనివాళ్లు లేరు. మొజంజాహీ మార్కెట్‌లో పండ్లు కొనేటప్పుడు తక్కెడ ఒక్క వేలెడు ఒరిగినా ఊరుకునేది కాదు. మళ్లీ తూచేదాకా బండి ముందే నిలబడేది, వెనక ఎంతమంది కాచుకుని ఉన్నా సరే. అలాంటి మనిషికి దేవుడు ఏరికోరి కట్టబెట్టిన మొగుడు శ్యామ్‌సుందర్. నోట్లో నాలుక లేని మనిషి అంటారే, అచ్చంగా ఆయనే.

ఆబిడ్స్‌లో ఒక బట్టల దుకాణంలో ఆయన ఉద్యోగం. మీసాలు మొలిచే వయసులో చేరి, జుట్టు నెరిసేదాకా అదే కౌంటరు వెనక నిలబడ్డాడు. పెళ్లిచీరలకని వచ్చి, బీరువాలన్నీ ఖాళీ చేయించి, చివరకు 'చూసి వస్తాం' అని లేచిపోయేవాళ్లను కూడా మెట్ల దాకా సాగనంపి నమస్కారం పెట్టేవాడు. మెత్తటివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని పెద్దలు ఊరికే అనలేదు. సెలవు దొరకనిది ఆయనకే, అందరూ వెళ్లాక విప్పిన తానులన్నీ మడతపెట్టాల్సిందీ ఆయనే. ఒక దసరాకు ఇలాగే సెలవు లేదంటే, శశికళ నేరుగా దుకాణానికి వెళ్లి, చెప్పులు విడిచి, గద్దె ఎక్కి సేటు పక్కన కూర్చుంది. మొగుణ్ణి పంపేదాకా దిగేది లేదంది. సేటు నవ్వేసి పంపించాడు. శ్యామ్‌సుందర్ మాత్రం ఇంటిదాకా సిగ్గుతో చితికిపోయాడు. గట్ల పోతరా, వాళ్లేమనుకుంటరు అని అదే మాట పదిసార్లు అన్నాడు. వాళ్లేమనుకుంటారో అన్నది ఆ మనిషి జీవితమంతా మోసిన మూట. దించుకోమని శశికళ ఎంత పోరినా దించుకోలేదు.

పిల్లలు కలగలేదు. ఆమె ఇంట్లో జాకెట్లు కుట్టేది, ఆయన దుకాణానికి పోయి వచ్చేవాడు. వాళ్లుండే ఇల్లు కిరాయిది, కింద రెండు గదులూ వంటిల్లూ. పైన ఓనర్లు రాధాకృష్ణమూర్తి గారు, ఆయన భార్య కమలకుమారి. వాళ్ల పెద్దలు యాభై ఆరులో ఆఫీసులతోపాటు తెనాలి వైపు నుంచి తరలివచ్చి, ఈ ఇల్లు కొనుక్కుని ఇక్కడివాళ్లే అయిపోయారు. పై నుంచి ఆవకాయ దిగేది, కింద నుంచి సకినాలు ఎక్కేవి. ఆడవాళ్లిద్దరూ ఒకరినొకరు వదినా అనుకునేవాళ్లు. శ్యామ్‌సుందర్ అయితే కమలకుమారికి అన్నయ్యగారు. చూసేవాళ్లకు ఒకటే కుటుంబం. కిరాయి ఇంటి చుట్టరికం ఎంతవరకో శశికళకు అప్పటికి తెలియదు.

కరోనా రెండో వేవ్ రాకముందే శ్యామ్‌సుందర్‌కు పేగులో క్యాన్సర్ బయటపడింది. బయటపడేసరికే అది కాలేయానికీ వెన్నుకూ పాకింది. ఇక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకుపొమ్మన్నారు పెద్ద డాక్టర్లు. చేసేదేమీ లేదన్నది అబద్ధమని శశికళకు లహరి వచ్చాక తెలిసింది. లహరి ఒక సేవాసంస్థ నర్సు. నయం కాని రోగులను ఇంటికే వచ్చి చూసుకుంటారు వాళ్లు. పక్కమీద మనిషిని నొప్పి తెలియకుండా ఎలా ఒత్తిగిలించాలో, ఎండిపోయిన నోటిని తడిగుడ్డ వేలికి చుట్టుకుని చిగుళ్ల వెంట ఎలా తుడవాలో ఆ పిల్లే నేర్పింది. నాలుగు గంటలకొకటి మార్ఫిన్ మాత్ర. ఇది ప్రాణం తీసే మందు కాదమ్మా, నొప్పి తీసే మందు, వేళ తప్పనీయకండి అని ఒకటికి నాలుగుసార్లు చెప్పింది. ఆ మాత్రలు మొదలయ్యాక శ్యామ్‌సుందర్ దిండుకు ఆనుకుని కూర్చుని రేడియో విన్నాడు. ఎండాకాలం మొదట్లో మామిడిపండు రసం రెండు చెంచాలు అడిగి తాగాడు. నొప్పి లేకపోతే మనిషి మళ్లీ మనిషవుతాడు. ఆమె కోరుకున్నదల్లా అంతే. ఉన్నన్నాళ్లు నొప్పి లేకుండా ఉండాలి, పోయేటప్పుడు తన చేతిలో చెయ్యి పెట్టి పోవాలి.

ఇంతలో కరోనా మళ్లీ విరుచుకుపడింది. లహరి రాకపోకలు తగ్గాయి. ఫోనులో బొమ్మ చూస్తూ చెప్పేది, మరీ అవసరమైతే నెత్తి నుంచి కాళ్ల దాకా ఆ తెల్లసూటు తొడుక్కుని వచ్చేది. ఆ సూటు సందులో అడుగుపెట్టగానే కిటికీలన్నీ టపటపా మూసుకున్నాయి. పాలవాడు ప్యాకెట్టు సందు మొగదల్లోనే పెట్టిపోవడం మొదలుపెట్టాడు. శశికళ రోడ్డు మీదకు వచ్చి, గిది క్యాన్సర్, అంటుకునేది కాదు అని ఇంటింటికీ వినబడేలా అరిచింది. కిటికీలు తెరుచుకోలేదు. నిరుడు ఇదే సందు పళ్లేలు మోగించింది, నర్సులు దేవతలంది. దేవత గుమ్మంలోకి వస్తే తలుపు వేసుకుంది.

అలాంటి ఒక పొద్దున కమలకుమారి మెట్లు దిగి వచ్చింది. రెండు మాస్కులు, వాటిమీద కొంగు. గ్రిల్లు బయటే నిలబడింది. అన్నయ్యగారికి ఎలా ఉందని అడిగింది, నిద్ర పడుతోందా అంది. తర్వాత అసలు మాటకు వచ్చింది.

"వదినగారూ, మీరు మరోలా అనుకోకండి. ఎల్లుండి నుంచి ధనిష్ఠా పంచకం. ఆ అయిదు రోజులూ అన్నయ్యగారిని ఆస్పత్రిలో ఉంచితే మంచిదేమో. అది వెళ్లాక మళ్లీ తీసుకొచ్చేసుకోవచ్చు."

ఆ అయిదు నక్షత్రాల్లో ఇంట్లో ఎవరైనా పోతే ఆరు నెలలు ఇల్లు పాడుపెట్టాలంటారు. తాళం వేసుకుని అందరూ బయటికి నడవాలి. ఆవిడ భయం అది. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట వెనకటికొకడు. వాడు నయం, నిప్పడిగి ఊరుకున్నాడు. ఈవిడ కాలే ఇంటిని అయిదు రోజులు ఆగి కాలమంటోంది. అప్పటి ఆస్పత్రులు ఎలా ఉన్నాయో ఆవిడకు తెలియక కాదు. గేటు బయట ఫుట్‌పాత్ మీద ఊపిరి కోసం కొట్టుకునే మనుషులు, లోపలికి వెళ్లినవాళ్ల మొహం మళ్లీ చూడలేని ఇంటివాళ్లు. రోగి వెంట ఎవరినీ రానివ్వడం లేదు. అక్కడికి పంపడమంటే ఆయన్ను ఒంటరిగా పొమ్మనడమే.

శశికళ ఆ మాట అక్కడే తుంచేసింది. "మా ఆయన యాడికీ రాడు వదినా. పోతే గీ మంచం మీదికెల్లే పోతడు" అని తలుపు వేసింది. ఆ మధ్యాహ్నమే చాదర్‌ఘాట్ నుంచి మరిది వెంకటేశం ఫోను చేశాడు. ఓనరు సారు మాట్లాడిండు వదినా, పెద్దమనిషి, జర ఆయన మాట గూడ ఇనాలె, తెలిసిన దవాఖానలో మంచం చెప్పి ఉంచిన అన్నాడు. అన్నను చూడటానికి నెల రోజులుగా చాదర్‌ఘాట్ దాటని మనిషికి మంచం మాత్రం దొరికింది. అంత మంచి మంచమైతే నువ్వే పోయి పండుకో అని చెప్పి ఆమె ఫోను పెట్టేసింది. అంతటితో అయిపోయిందనుకుంది.

మర్నాటి నుంచి శ్యామ్‌సుందర్‌కు నొప్పి ఎక్కువైంది. ముందు కనుబొమలు ముడిపడ్డాయి. తర్వాత మంచం పట్టె పట్టుకుని వదలడం మానేశాడు. పంచకం మొదలైన రోజున తువ్వాలు అంచు నోట్లో కుక్కుకుని మూలుగు బయటికి రాకుండా ఒళ్లంతా వణికిపోయాడు. చెమటకు పక్క తడిసింది. మందు మింగినవా అంటే తలూపేవాడు. లహరికి ఫోను చేస్తే మోతాదు పెంచమంది, పెంచినా ఏమీ తగ్గలేదు. ఎందుకు పని చేయడం లేదో ఆ పిల్లకూ అంతుబట్టలేదు, సాయంత్రం తనే వస్తానంది. శశికళ దేవుణ్ణి తిట్టింది, మాత్రలు చేసినవాణ్ణి తిట్టింది, చివరకు తను ఇచ్చే తీరులోనే ఏదో తప్పుందేమోనని మాత్రలు మళ్లీ మళ్లీ చూసుకుంది.

ఆ మధ్యాహ్నం నోరు తుడవడానికని తడిగుడ్డ చుట్టిన వేలు ఆయన చెంప లోపలికి పోనిచ్చింది. చిగుళ్లకూ దవడకూ మధ్య వేలికి ఏదో తగిలింది. బయటికి తీస్తే మాత్ర. సగం కరిగి మెత్తబడింది. దిండు ఎత్తి చూసింది. దిండు కింద చేతిరుమాల్లో అలాంటివే, ఎండి అంటుకుపోయి ఉన్నాయి.

 ఆయన కళ్లు మూసుకున్నాడు, దొంగతనం చేసి పట్టుబడ్డ బడిపిల్లాడిలాగా. ఎందుకు ఉమ్మినవ్ అని అడిగింది.  గొంతు పెంచి మళ్లీ అడిగింది. ఆయన ఊపిరి ఊపిరికీ ఆగుతూ చెప్పాడు.

"ఇయ్యి మింగితే నిద్ర పడుతది శశీ. నిద్రల పానం పోతే ఎట్ల? మెలుకువ ఉంటే ఆపుకోవచ్చు. గా అయిదు రోజులు గడిస్తే చాలు. వాళ్ల ఇల్లు ఆరు నెలలు పాడుపెట్టాల్నంట గదా."

గ్రిల్లు దగ్గర ఆడవాళ్లు మాట్లాడుకున్నది ఆయన విన్నాడు. తెర అవతల నిద్రపోతున్నాడనుకున్న మనిషి ప్రతి అక్షరం విన్నాడు. విని కోపగించుకోలేదు. ఇంటివాళ్లకు ఇబ్బంది కలగకూడదని, వెన్నెముకను లోపల్నుంచి కొరుకుతున్న నొప్పిని కావాలని భరిస్తున్నాడు. తన చావును చేతులడ్డుపెట్టి ఆపుతున్నాడు. ప్రపంచంలో ఇంకెవరైనా చేస్తారా ఇలాంటి పని? చేస్తారు. పుట్టినప్పటి నుంచీ ఒకరి గోడల మధ్య బతికినవాళ్లు చేస్తారు.

శశికళకు ఏడుపు రాలేదు. ఒళ్లు మండిపోయింది. ఆయన మీద మండింది, పైవాళ్ల మీద మండింది, ఈ మంచితనం ఆయనకు నేర్పినవాళ్లెవరో వాళ్లందరి మీదా మండింది. తడిసిన మాత్ర అరచేతిలో పట్టుకుని, కొంగు ముక్కుకు చుట్టుకుని మెట్లెక్కింది. లాక్‌డౌన్ వచ్చాక ఆ మెట్లు ఆమె ఎక్కడం అదే మొదలు.

తలుపు కమలకుమారే తీసింది. వెనక కుర్చీలో రాధాకృష్ణమూర్తి గారు పేపరు దించి మాస్కు వెతుక్కున్నారు. శశికళ గడప దాటలేదు. అరచెయ్యి చాపింది. ఏమిటది వదినగారూ అంది ఆవిడ.

"గిది మా ఆయన మీ ఇంటికి చేస్తున్న మర్యాద. మందు మింగితే మీ పంచకంల పోతడేమోనని ఉమ్మేస్తున్నడు. నొప్పికి బట్ట కొరుక్కుంట పడున్నడు, మీ ఇంటి కోసం."

కమలకుమారి మొహం పాలిపోయింది. నేనలా అనలేదు వదినా, ఆస్పత్రిలో అయితే చూసుకుంటారని కదా అన్నాను అంది. రాధాకృష్ణమూర్తి గారు గొంతు సవరించుకుని, శాస్త్రం ఏమంటుందంటే అని మొదలుపెట్టారు. శశికళ ఆయన వైపు చూడను కూడా చూడలేదు.

"మీ అత్తమ్మ పోయిన నాడు గిదే పంచకం గాదా వదినా? తానం పోసింది నేను. తల దువ్వింది నేను. గప్పుడు మీరేం చేసిన్రు? గా ఒక్క గదికి తాళమేసి, శాంతి చేయించి, పక్క గదిల పండుకున్నరు. మీకైతే తాళం, మాకైతే దవాఖాన. పంచాంగంల కిరాయోళ్లకు వేరే కాయితం రాసి ఉన్నదా?"

  కమలకుమారి గుమ్మం పక్క గోడకు ఆనుకుని ఏడవడం మొదలుపెట్టింది. తమ్ముడు పోయి నెల తిరగలేదు, ఇంట్లో ఇంకో చావంటే వణుకు పుడుతోంది అంది. ఆ తమ్ముడు గుంటూరులో కరోనా వార్డులో పోయాడు. ఆ వారమంతా కింద నుంచి అన్నం, పప్పు వండి మొదటి మెట్టు మీద పెట్టింది శశికళే. మరొకప్పుడైతే ఆ ఏడుపు చూసి ఆమె కరిగేది. ఈసారి కరగలేదు.

"మీ తమ్ముడు ఒక్కడే పోయిండని, మొహం గూడ చూపించలేదని మీరే గదా ఏడ్చిన్రు. గదే మా ఆయనకు గావాల్నా?" అంది. గొంతు తగ్గించి, "రండి. మీరే వచ్చి చెప్పున్రి. నేను చెప్తే ఇనడు. మీది ఓనరు మాట, ఇంటడు" అంది.

ఈ ఒక్క మాట ఆమె నోటికి చేదుగా తగిలింది. జీవితమంతా ఎవరి ముందూ తల వంచని మనిషి, మొగుడు నొప్పి లేకుండా చావడానికి ఓనరు అనుమతి అడగాల్సి వచ్చింది. అయినా అడిగింది. ఆయన నొప్పి ముందు తన రోషం ఎంత?

కమలకుమారి దిగి వచ్చింది. భర్త వద్దన్నట్టు ఏదో అంటున్నా ఆగలేదు. మంచం పక్కకు వచ్చి నిలబడగానే శ్యామ్‌సుందర్ లేవబోయాడు. ఓనరమ్మ వస్తే పడుకుని ఉంటే బాగుండదని. మోచెయ్యి ఆనించి లేవబోయి, నొప్పికి మొహం వంకర తిరిగి మళ్లీ వాలిపోయాడు. వాలిపోతూ కూడా దుప్పటి గుండెల మీదికి సర్దుకున్నాడు. అది చూసి కమలకుమారి మంచం మీదికి వంగింది.

"అన్నయ్యగారూ, మాత్ర వేసుకోండి" అంది. ఆయన కళ్లు ఆమె మొహం మీదే ఉన్నాయి. ఇంకా ఏదో వినాలన్నట్టు చూస్తున్నాడు. ఆమె ఒక మాస్కు కిందికి లాగి, స్పష్టంగా వినబడాలని మళ్లీ చెప్పింది. "పంచకం గురించి మీరేం మనసులో పెట్టుకోకండి. మీరు హాయిగా పడుకోండి. ఎప్పుడైనా సరే. ఈ ఇంట్లోనే."

ఆయన ఊపిరి కూడదీసుకున్నాడు. "మాఫ్ చెయ్యి చెల్లమ్మా. మీకు తక్లీఫ్ ఇస్తున్న" అన్నాడు.

శశికళకు ఆ క్షణాన ఇల్లు పీకి పందిరేయాలనిపించింది. చస్తున్నందుకు క్షమాపణ అడుగుతున్న మనిషిని ఎక్కడైనా చూశారా? కానీ ఆయన నోరు తెరిచాడు. ఆమె మాత్ర నాలుక మీద వేసింది, చెంచాతో నీళ్లు పోసింది, గొంతు కదిలేదాకా చూసింది. ఈసారి చెంప లోపల వేలు పెట్టి చూసుకుంది కూడా. మాత్ర లేదు.

సాయంత్రానికి కనుబొమలు విడిపోయాయి. పట్టె మీది చెయ్యి వదులై ఆమె ఒడిలోకి వచ్చింది. లహరి వచ్చి చూసి, మందు పట్టిందమ్మా, ఇక వేళ తప్పనీయకండి, చివరి ఘడియ దగ్గరలోనే ఉంది అని చెప్పి వెళ్లింది. మర్నాడు పొద్దున మామిడిరసం ఒక చెంచా తాగాడు. శశీ, కుట్టు మెషీన్ మీద పొడి గుడ్డ కప్పు, దుమ్ము పడుతది అన్నాడు. అవే చివరి మాటలు. మిట్టమధ్యాహ్నం నిద్రలోనే, చేతిలో చెయ్యి ఉండగానే పోయాడు. మొహం మీద నొప్పి ఆనవాలు లేదు. ఆ రోజు ఏ నక్షత్రమో శశికళ ఎవరినీ అడగలేదు.

లాక్‌డౌన్‌లో మోసేందుకు నలుగురు దొరకడమే గగనమైంది. వెంకటేశం వచ్చాడు, దుకాణం నుంచి ఇద్దరు వచ్చారు. నాలుగో భుజం రాధాకృష్ణమూర్తి గారిది. ఏమనుకుని పట్టారో ఆయనకే తెలియాలి. సందులో కిటికీలు అప్పుడూ తెరుచుకోలేదు.

కర్మలు ముగిసిన మర్నాడు కమలకుమారి మళ్లీ గ్రిల్లు దగ్గరకు వచ్చింది. పంతులుగారితో ఫోనులో మాట్లాడామంది. శాంతి చేయిస్తే సరిపోతుందన్నారట, ఇల్లు పాడుపెట్టనక్కర్లేదట. మీరు ఉండొచ్చు వదినగారూ అంది. ఆ 'ఉండొచ్చు' శశికళ చెవిలో ముల్లులా దిగింది. ఆవిడ మంచి మాటే అనుకుని అంది, అందుకే ఇంకా ఎక్కువ మండింది. తర్వాత కొంగుతో కళ్లొత్తుకుంటూ అంది కమలకుమారి, అన్నయ్యగారిలాంటి మనిషి ఉండడు, ఇన్నేళ్లలో ఒక్కనాడు కూడా మమ్మల్ని ఇబ్బంది పెట్టలేదు అని.

"ఔ వదినా" అంది శశికళ. "పానం గూడ మిమ్ముల అడిగినంకనే ఇడిసిండు."

కమలకుమారి కళ్లొత్తుకుంటున్న కొంగు దించింది. లోపలికి రమ్మని గానీ, కూర్చోమని గానీ శశికళ అనలేదు.